మా క్యాసెట్‌లో ఘంటసాల

రాయదుర్గంలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో నిలబడితే కనుచూపు మేరా అద్దాల మేడలే. రాత్రి పదకొండు దాటినా వాటిల్లో దీపాలు ఆరవు. కింద రోడ్డు నిండా క్యాబులు. మెట్రో స్టేషన్ మెట్ల మీద చెవుల్లో ఏవో బుడిపెలు పెట్టుకుని దిగే పిల్లలు. ఎవరేం వింటున్నారో పక్కవాళ్లకి తెలీదు. అలాంటి చోట ఏటా ఫిబ్రవరి 11 సాయంత్రం, మా కమ్యూనిటీ హాల్లో పాతికమంది పెద్దవాళ్లం కూర్చుని ఒకే గొంతు వింటాం. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1974లో కన్నుమూసిన రోజది.

మేం వినేది సినిమా రికార్డు కాదండీ. 1971లో ఆయన అమెరికా వెళ్లినప్పుడు చేసిన ఓ కచేరీ. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, అప్పటికి అక్కడ ఉద్యోగంలో కొత్తగా చేరారు. స్పూల్ టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుని పట్టిన టేపు అది. 1984లో ఇండియా వచ్చినప్పుడు దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించి మాకు తెచ్చిచ్చారు. మావారు దాన్ని బీరువాలో నగల పక్కన దాచేవారు!

అందులో పాటలూ పద్యాలే కాదు, ఇంకా చాలా ఉన్నాయి. శ్రుతిపెట్టె మోత, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు, ఒక పాట అయ్యాక ఆయన మంచినీళ్లు తాగడం, చిన్న దగ్గు. ఒక పద్యం మధ్యలో ఓ పసిపిల్ల ఏడుపు. ఆ వెంటనే పిల్లని ఊరుకోబెడుతూ జోకొట్టే ఆడగొంతు. ఆ పిల్ల మా బావగారి కూతురు. ఆ గొంతు మా తోడికోడలు అక్కయ్యది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లవుతోంది.

పోయినేడు క్యాసెట్ జీరపోతోందని మా మనవడు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. వాడు ఇక్కడే ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తాడు. ఎక్కించడంతో ఊరుకోకుండా దగ్గులూ ఏడుపులూ అన్నీ తీసేసి శుభ్రం చేసిస్తానన్నాడు. ఒక్క రాత్రిలో అయిపోతుందట. నా గుండె ఆగినంత పనైంది. తీసేసే ముందు ఆ దగ్గు ఎవరిదో, ఆ మనిషి ఎక్కణ్ణించి వచ్చాడో తెలుసుకోమని వాణ్ణి కూర్చోబెట్టాను. ఆ రాత్రి వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను.

జోలె పట్టిన బాలుడు

కృష్ణా జిల్లాలో గుడివాడ దగ్గర చౌటపల్లి అనే చిన్న ఊరు. 1922 డిసెంబరు 4న ఆయన పుట్టింది అక్కడే. తల్లి రత్తమ్మ గారు. తండ్రి సూరయ్య గారు మృదంగం వాయిస్తూ భజనలు చేసేవారు. పసివాణ్ణి భుజమ్మీద ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్తే ఆ పాటలకి వాడు చిందులు వేసేవాడట. చూసినవాళ్లు ముద్దుగా బాలభరతుడు అని పిలిచేవారట.

ఆ ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. పదకొండో ఏట తండ్రి పోయారు. పోయేముందు కొడుకుని పిలిచి సంగీతం గొప్పతనం చెప్పి, ఎలాగైనా విద్వాంసుడివి కమ్మని చెప్పారట. మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య గారు ఆ కుటుంబాన్ని అక్కున చేర్చుకున్నారు. తిండికి లోటు లేదు గానీ పిల్లాడి మనసంతా తండ్రికిచ్చిన మాట మీదే. పాట నేర్పుతారన్న ఆశతో విద్వాంసుల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు. ఇంకో ఇంట్లో వంట చేశాడు. వంటా చాకిరీ వచ్చాయి గానీ సంగీతం మాత్రం రాలేదు. ఇల్లాళ్లం మనకి ఈ బాధ ఒకరు చెప్పాలా!

చివరికి ఒకరోజు ఇంట్లో చెప్పకుండా బయల్దేరాడు. చేతికున్న నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేసి విజయనగరం రైలెక్కాడు. అక్కడ మహారాజుల సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి అధ్యక్షులు. తర్వాత ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ బాధ్యత తీసుకున్నారు. మన పిల్లాడు వెళ్లేసరికి వేసవి సెలవులు, కళాశాల మూసి ఉంది. నాయుడుగారిని బతిమాలుకుంటే ఆవరణలో తల దాచుకోనిచ్చారు. రోజుకొక ఇంట్లో వారాలు చేసుకుని తినేవాడు. ఇంతలో తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఇతని నెత్తిన పడింది. ఉన్న చోటు పోయింది, వారాలిచ్చిన ఇళ్ల తలుపులూ మూసుకున్నాయి. అమ్మవారి గుడిలో పడుకున్నాడు.

ఆ గుడికి వచ్చారు పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరి చినగురువు గారని ఆయనకి పేరు. కుర్రాడి కథ విని, తన ఇంట్లో పైసా తీసుకోకుండా పాఠం చెబుతానన్నారు. అయితే ఆయనే పేదవారు. శిష్యుడికి విద్య పెట్టగలరు, అన్నం పెట్టలేరు. అప్పుడు ఎవరో ఒక సాధువు ఆ కుర్రాడి భుజానికి జోలె కట్టి మధూకరం ఎత్తడం నేర్పాడంటారు. ఇంటింటికీ వెళ్లి నిలబడడం, ఏ ఇల్లాలు ఏది పెడితే అది తెచ్చుకుని రెండు పూటలకు సర్దుకోవడం. అలా తింటూ సాధన చేసి, తర్వాత మళ్లీ కళాశాలలో చేరి చదువు పూర్తి చేశాడు.

మా అమ్మమ్మ వాళ్లది విజయనగరమే. ఆ రోజుల్లో పొద్దెక్కేసరికి గుమ్మంలో జోలెతో ఎవరో ఒక కుర్రాడు నిలబడేవాడని ఆవిడ చెప్పేది. ఎందరో కుర్రాళ్లు. పేర్లు అడిగేవాళ్లు కాదట, పెట్టి పంపేవాళ్లట. వాళ్లలో ఆయన ఉన్నారో లేదో ఆవిడకి ఎప్పటికీ తెలీలేదు. రేడియోలో ఆయన పాట వచ్చినప్పుడల్లా మాత్రం, ఏమో, నేనూ ఓ పిడికెడు వేశానేమో అని తనలో తాను అనుకునేది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి!

జైలూ, పెళ్లీ, పార్కూ

విద్య చేతికొచ్చింది. సొంతూరు తిరిగొచ్చి ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో కచేరీలు చేస్తూ పిల్లలకి సంగీతం చెప్పుకుంటున్న రోజుల్లో 1942 క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు ఊరూరా దేశభక్తి పాటలు పాడుతూ తిరిగాడు. పట్టుకుని బళ్లారి దగ్గర అల్లీపురం జైల్లో పెట్టారు. ఏడాదిన్నర అక్కడే.

బయటికొచ్చాక 1944 మార్చి 4న పెదపులివర్రులో మేనమామ కూతురు సావిత్రి గారితో పెళ్లయింది. ఆ సాయంత్రం కచేరీ ఎవరిదనుకున్నారు? పెళ్లికొడుకుదే! తన పెళ్లికి తానే పాడిన పెళ్లికొడుకుని మీరెప్పుడైనా చూశారా?

తర్వాత సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య గారితో పరిచయమైంది. ఆయన ఈ కుర్రాడి గొంతు విని మద్రాసు రమ్మన్నారు. కొత్త పెళ్లాన్ని ఊళ్లో వదిలి మద్రాసు చేరాడు. సముద్రాల గారి ఇల్లు చిన్నది. వాళ్లకి భారం కాకూడదని, పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకు రెండు రూపాయలు ఇచ్చి రాత్రుళ్లు అక్కడ పడుకునేవాడు. పగలు అవకాశాల కోసం కాళ్లరిగేలా తిరగడం.

రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు లలిత గీతాలు పాడించారు. పేకేటి శివరాం గారి చలవతో గ్రామఫోను రికార్డు ఇచ్చారు. 1945లో స్వర్గసీమ సినిమాలో భానుమతి గారితో కలిసి ఒక పాట పాడారు. చేతికొచ్చింది 116 రూపాయలు. అంత పేరున్న ఆవిడ పక్కన పాడాలంటే వణికిపోయారట.

ఇంటింటి గొంతు

ఆ తర్వాత సంగతి మీకు నేను చెప్పాలా? 1949లో కీలుగుర్రం, మనదేశం చిత్రాలకి సంగీతం ఆయనదే. ఆ మనదేశంతోనే ఎన్.టి.రామారావు గారు తెరకెక్కారు. 1951లో పాతాళభైరవితో ఆయన బాణీలు వీధివీధినా మోగాయి. 1953లో దేవదాసు, సంగీతం సుబ్బరామన్ గారిది, గొంతు ఈయనది. 1957లో మాయాబజార్‌కి సాలూరి రాజేశ్వరరావు గారు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతాదంతా ఈయనే పూర్తి చేశారు. ఏవి ఎవరివో చెప్పమంటే ఇప్పటికీ జనం తడబడతారు. 1963లో లవకుశ. ఊళ్లకి ఊళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి చూశాయి. మా అమ్మ అయితే ఆ సినిమా చూసొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

ఇక్కడో ముఖ్యమైన మాట చెప్పాలి. అంతకు ముందు నాటకాల్లో పద్యమంటే రాగమే రాగం. చరణం చివర గాలి అందినంతసేపూ సాగదీసేవారు. వన్స్‌మోర్లు పడేవి, అర్థం మాత్రం గాల్లో కలిసిపోయేది. ఘంటసాల గారు ఆ రాగాన్ని కత్తిరించారు. మాట ముందు, రాగం దాని వెనక. పద్యంలో ఏడుపుంటే ఆ మాటలోనే ఏడుపు వినిపించాలి. జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపాన్ని ఆయన పాడాక, పూలు కోయడానికి చెయ్యి రాలేదని మా పక్కింటావిడ ఇప్పటికీ చెబుతుంది. చదువు రాని మా పాలేరు కూడా ఆ పద్యాలు తప్పు లేకుండా చెప్పేవాడంటే అది ఈ గొంతు పుణ్యమే.

రామారావు గారికి పాడితే ఆయనే పాడినట్టు, నాగేశ్వరరావు గారికి పాడితే ఆయనే పాడినట్టు ఉండేది. ఆ రోజుల్లో రికార్డింగంటే గాయకులూ వాద్యాలవాళ్లూ అందరూ ఒకేసారి, ఒకే చోట పాట మొదట్నుంచి చివరిదాకా పాడాల్సిందే. ఎక్కడ తప్పినా మళ్లీ మొదటికి. అంటే ఒక రకంగా ప్రతి పాటా కచేరీయే. ఇది చెప్పగానే మా మనవడు నిటారుగా కూర్చున్నాడు.

సముద్రాలు దాటిన కచేరీ

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే ఫిబ్రవరి 1న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన పాటకి పాతికేళ్ల పండగ. ముప్పై వేల పైచిలుకు జనం వచ్చారు. మా హాల్లో కూర్చునేవాళ్లలో ఒకాయన అప్పుడు కాలేజీ కుర్రాడు. చివరి వరసలో నిలబడి విన్నానని, ఆయన బొమ్మ బొటనవేలంత కనిపించినా గొంతు మాత్రం పక్కనే ఉన్నట్టుందని ప్రతి ఏడూ చెబుతారు. ప్రతి ఏడూ మేం కొత్తగా వింటాం.

అప్పటికే ఆయన ఒంట్లో బాగుండడం లేదు. చక్కెర జబ్బు. 1969 నుంచీ తరచూ మంచాన పడుతున్నారు. అయినా 1971లో జర్మనీ, ఇంగ్లండు, అమెరికా తిరిగి కచేరీలు చేశారు. తానా లాంటి పెద్ద సంఘాలు పుట్టడానికి ఇంకా కొన్నేళ్లుంది. అక్కడున్న తెలుగువాళ్లు కొద్దిమంది. కూరల్లో కరివేపాకు దొరకని రోజులు. తెలుగు మాట వినబడితే చాలు, గంటల కొద్దీ కారు నడుపుకుంటూ వచ్చేవాళ్లట. మా అక్కయ్య ఏడాది పిల్లని చంకనేసుకుని ఆ కచేరీకి వెళ్లింది. పిల్లని చూసుకోవడానికి అక్కడెవరున్నారు? పెళ్లయి వెళ్లాక అంతమంది తెలుగువాళ్లని ఒక్కచోట చూడడం అదే మొదలని, పాట మొదలవ్వకముందే ఏడుపొచ్చిందని నాతో ఎన్నోసార్లు చెప్పుకుంది.

ఆ పర్యటనలో ఆయన వెంట ఉన్న సంగీతరావు గారెవరో తెలుసా? విజయనగరంలో అన్నం పెట్టలేకపోయినా విద్య పెట్టిన ఆ గురువుగారి కొడుకు! ఘంటసాల గారికి ఏళ్ల తరబడి కుడిభుజంగా ఉన్నారు. నూరేళ్లు బతికి 2021లో వెళ్లిపోయారు. గుడిలో దొరికిన గురువు రుణం అలా ఒక హార్మోనియం అయి సముద్రాలు దాటిందన్నమాట.

రవీంద్రభారతి రాత్రి

1972లో మన హైదరాబాద్ రవీంద్రభారతిలోనే పాడుతుండగా గుండెలో నొప్పి వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. చాలా రోజులకి గానీ కోలుకోలేదు. ఇక పాట మానేస్తే బాగుండునని ఇంట్లోవాళ్లకి ఉండదూ? ఆయన మానలేదు. 1973లో భక్త తుకారాం, జీవన తరంగాలు, దేవుడు చేసిన మనుషులు... అన్నిట్లోనూ పాడారు. ఆ ఆరోగ్యంతోనే భగవద్గీత రికార్డు చేశారు. అది జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసు ఆస్పత్రిలో వెళ్లిపోయారు. నిండా యాభై రెండేళ్లు కూడా లేవు.

ఆ గీతని మనవాళ్లు చావు ఇళ్లకి అంటగట్టారు. ఆ గొంతు వినగానే గుండె జారిపోయేలా చేశారు. మా హాల్లో ఒకావిడ ఆ శ్లోకాలు రాగానే లేచి బయటికెళ్లిపోయేది. వాళ్ల నాన్నగారు పోయినప్పుడు పెట్టారట. మా క్యాసెట్‌లో ఆయన నవ్వుతూ మాట్లాడి, నీళ్లు తాగి, గొంతు సవరించుకుని పాడుతుంటే విని, నాలుగో ఏడు ఆవిడ లేవలేదు. చివరిదాకా కూర్చుంది.

దగ్గు ఉండాల్సిందే

ఇదంతా విన్నాక మా వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన ఫోన్లోంచి ఒక పాట వినిపించాడు. డీప్ పర్పుల్ అని ఇంగ్లండు రాక్ బృందమట. 1972 ఆగస్టులో జపాన్ వెళ్లి ఒసాకా, టోక్యోల్లో చేసిన కచేరీలని అప్పుడే రికార్డుగా తెచ్చారట. స్టూడియోలో పాడినదానికంటే ఆ జపాన్ రికార్డుకే అభిమానులు ఎక్కువట. నాకు ఆ గిటారు హోరు తలకెక్కలేదు గానీ, మధ్యలో జనం కేకలు మాత్రం తెలిసినట్టే అనిపించాయి. ఆ కేకలు తీసేస్తే నువ్వు ఊరుకుంటావా అని అడిగాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

టేపు సాగి స్వరం కుంగిన చోట మాత్రం సరిచేశాడు. మిగతాది ఎలా ఉందో అలాగే ఉంచాడు.

ఈ ఫిబ్రవరి 11 పొద్దున్నే వాడు సెలవు పెట్టి నన్ను మెట్రోలో తీసుకెళ్లాడు. రాయదుర్గంలో ఎక్కి అమీర్‌పేటలో మారి రవీంద్రభారతికి వెళ్లాం. ఆ ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. గుండెనొప్పితో పాట ఆగిన చోటే నిలబెట్టారు మనవాళ్లు. మా మనవడు చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. నేను చెప్పలేదు, వాడే పెట్టాడు.

సాయంత్రం హాల్లో పాట పెట్టేముందు వాడు ఫోన్లో వీడియో కాల్ కలిపాడు. అమెరికాలో మా బావగారి కూతురు. ఆనాటి ఏడాది పిల్లే, ఇప్పుడు యాభై దాటింది. అక్కడింకా తెల్లారలేదు. పద్యం వచ్చింది. మధ్యలో తన ఏడుపే తనకి వినిపించింది. ఆ వెంటనే వాళ్లమ్మ జోకొట్టడం. ఏ రికార్డులోనూ, ఏ వీడియోలోనూ లేని వాళ్లమ్మ గొంతు. ఘంటసాల గారు పద్యం ఆపకుండా పాడుతూనే ఉన్నారు. మా పిల్ల అక్కడ కొంగు లేక చేత్తోనే కళ్లు తుడుచుకుంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత క్యాసెట్ ఏదైనా ఉందేమో చూడండి. పిల్లలచేత కంప్యూటర్‌లోకి ఎక్కించండి. శుభ్రం మాత్రం మరీ ఎక్కువ చేయనివ్వకండి.